బేలా తార్ సినిమాని ముక్కలు చేసి వేయకండి: ఫిల్మ్ సొసైటీ మిత్రులకు బహిరంగ లేఖ

తెలుగునాట ఫిల్మ్ సొసైటీలు, ఫిల్మ్ క్లబ్బులు నడుపుతున్న మిత్రులందరికీ నమస్కారం.

హంగేరీ దర్శకుడు బేలా తార్ 2026 జనవరి 6న కన్నుమూశాడు. ఆయనకు డెబ్బై ఏళ్లు. అంతకు మూడు నెలల ముందు, ఆయన సినిమాల వెనకున్న రచయిత లాస్లో క్రస్నహోర్కయికి 2025 నోబెల్ సాహిత్య బహుమతి ప్రకటించారు. రెండు వార్తలూ దగ్గర దగ్గరగా వచ్చేసరికి మన సొసైటీల్లో కదలిక మొదలైంది. నివాళి ప్రదర్శన పెట్టాలి, పెడితే ఆయన ఏడు గంటల సినిమా ‘షాతాన్‌తాంగో’యే వేయాలి అని చాలామంది అంటున్నారు. వినడానికి బాగానే ఉంది. ఆ తర్వాత జరిగే చర్చే నాకు టెన్షన్ పెడుతోంది. ఏడు గంటల బొమ్మకి ఎవరు కూర్చుంటారు, మూడు ఆదివారాలకు సర్దేద్దాం అని ఒకరు. మొదటి రెండు గంటలు వేసి మిగతాది ఇంట్లో చూసుకోమందాం అని ఇంకొకరు. నా దగ్గర ఫైల్ ఉంది, ల్యాప్‌టాప్ పెట్టి లాగించేద్దాం అని మరొకరు.

అందుకే ఈ ఉత్తరం. నేను అడిగేది ఒక్కటే. ఆ సినిమా వేయదలుచుకుంటే 4కెలో, అంటే సన్న వివరాలు కూడా అందే డిజిటల్ రూపంలో, బాగుచేసిన ప్రతిని తెప్పించండి. ఒకే రోజున, మొదటి నుంచి చివరిదాకా, చీకటి హాల్లో వేయండి. అది కుదరదనుకుంటే అసలు వేయకండి. తార్ తీసినవాటిలో రెండు, రెండున్నర గంటల్లో అయిపోయేవి ఉన్నాయి. వాటిలో ఒకటి వేస్తే ఎవరూ తప్పు పట్టరు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, దాన్ని ముక్కలు చేసి వేస్తే ఏమవుతుందో ఒకసారి చూశాను. ఊరూ పేరూ ఇక్కడ వద్దు. వాళ్లు మంచి ఉద్దేశంతోనే వేశారు. కానీ వేసింది ఎప్పటిదో డీవీడీ కాపీ. నలుపంతా బూడిద రంగులోకి దిగిపోయింది. వాన పడుతోందో, బొమ్మే గీతలు పడిందో తెలియలేదు. సబ్‌టైటిల్స్‌లో కింది వరస తెర దాటి గోడ మీద పడింది. ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం వెనక ట్యూబులైటు వేసే ఉంచారు. మూడో అధ్యాయంలో డాక్టరు కుర్చీలో కూర్చుని తాగుతూ, నోటుపుస్తకాల్లో ఏదో రాసుకుంటూ ఉంటాడు. అక్కడికి రాగానే నిర్వాహకుడు లేచి, ఇక్కడ పెద్దగా ఏమీ జరగదండీ అని చెప్పి బొమ్మని ముందుకు జరిపేశాడు. జనం టీకి లేచారు.

ఆ ఏమీ జరగని చోటే సినిమా మొత్తం ముడిపడి ఉంది. ఎలాగో చెప్పాలంటే కథ కొంచెం చెప్పాలి.

హంగేరీ మైదానంలో ఒక సమష్టి వ్యవసాయ క్షేత్రం. మూతపడిపోయింది. మిగిలిన కొద్దిమంది వానకీ, బురదకీ, సారాకీ మధ్య రోజులు నెట్టుకొస్తున్నారు. డబ్బు చేతికి రాగానే ఎవరి దారిన వాళ్లు పోవాలని, వీలైతే పక్కవాడి వాటా కూడా నొక్కేయాలని చూస్తున్నారు. అంతలో ఒక కబురు. చచ్చిపోయారనుకున్న ఇరిమియాష్, అతని తోక పెత్రీనా ఊరికి తిరిగి వస్తున్నారట. వాళ్లిద్దరూ పోలీసులకు వేగులుగా కుదిరి వస్తున్నారని ఊరికి తెలియదు. ఆ ఊళ్లోనే ఎష్తికె అనే చిన్నపిల్ల ఉంది. డబ్బులు పాతిపెడితే డబ్బుల చెట్టు మొలుస్తుందని సొంత అన్నే ఆ పిల్లను మోసం చేస్తాడు. ఆ పిల్లకి ఎలుకల మందు దొరుకుతుంది. మర్నాడు పిల్ల శవం ముందు నిలబడి ఇరిమియాష్ బ్రహ్మాండమైన ఉపన్యాసం ఇస్తాడు. మనమంతా కలిసి కొత్త క్షేత్రం కట్టుకుందాం అంటాడు. ఊరు తన దగ్గరున్నదంతా తెచ్చి బల్ల మీద పెడుతుంది. (మాటకారి నోరు తెరిస్తే ఊరు ఊరంతా మూట విప్పడం మనకేమీ వింత కాదు. చిట్టీల వాళ్ల కథలు వినని వీధి ఏది?)

ఇందులో ఒక సాయంత్రం మూడుసార్లు వస్తుంది. మొదటిసారి డాక్టరు వైపు నుంచి. సారా అయిపోయి, ఆ భారీ మనిషి వానలో జాడీ పట్టుకుని బయల్దేరతాడు. సారాకొట్టు దగ్గర చీకట్లో ఒక పిల్ల వచ్చి అతని కోటు పట్టుకుంటుంది. విదిలించబోయి పడిపోతాడు. పిల్ల పరుగెత్తి వెళ్లిపోతుంది. అంతే, ఆ పిల్ల ఎవరో మనకు తెలియదు. రెండోసారి ఆ పిల్ల వైపు నుంచి. మధ్యాహ్నం నుంచి ఆమెతోపాటే నడుస్తాం, సారాకొట్టు కిటికీలోంచి లోపలి గెంతులు చూస్తాం, కోటు పట్టుకున్నది ఎందుకో అప్పుడు అర్థమవుతుంది. మూడోసారి కొట్టు లోపల. అకార్డియన్ మోగుతూనే ఉంటుంది, ఊరంతా తాగి ఊగుతూ ఉంటుంది, కిటికీ అవతల ఆ పిల్ల ముఖం. లోపలివాళ్లు ఎవరూ అటు చూడరు. మనం చూస్తాం. ఎందుకంటే బయట ఏం జరిగిందో, ఇంకాసేపట్లో ఏం జరగబోతోందో మనకు ముందే తెలుసు.

డాక్టరు అధ్యాయాన్ని జరిపేసిన హాల్లో ఈ మూడో దృశ్యం వచ్చినప్పుడు నా పక్కాయన ఫోన్ చూసుకుంటున్నాడు. ఆయన్ని అనడానికేముంది? ఆయనకది ఒక అంతులేని తాగుబోతుల డాన్సు. వారం వారం వేసినా ఇదే తంతు. మొదటి ఆదివారం చూసిన కోటు, చీకటి, తడి, మూడో ఆదివారానికి ఎవరికి గుర్తుంటాయి? ఈ సినిమాకి మూలమైన క్రస్నహోర్కయి 1985 నాటి నవల, టాంగో నాట్యం అడుగుల్లాగే ఆరు అధ్యాయాలు ముందుకు, ఆరు వెనక్కి నడుస్తుంది. సినిమా కూడా ఆ పన్నెండింటినీ ఉంచుకుంది. ముందుకు వేసిన అడుగు కాళ్లకు గుర్తుండగానే వెనక్కి వేయాలి.

ఇక నిడివి. 439 నిమిషాలు. అంటే ఏడు గంటల పంతొమ్మిది నిమిషాలు. షాట్లు మాత్రం నూట యాభైకి అటూ ఇటూ. సగటున ఒక్కోటి మూడు నిమిషాలు. మన సినిమాల్లో ఒక్క ఫైటుకే అంతకంటే ఎక్కువ కట్‌లు పడతాయి. మొదటి షాట్‌లో వాన వెలిసిన బురదలో ఆవులు కొట్టంలోంచి బయటికొచ్చి, ఇళ్ల వెనకగా నడుచుకుంటూ పోతాయి. కెమెరా వాటికి సమాంతరంగా జరుగుతుంది. ఏడెనిమిది నిమిషాలు. 35 ఎంఎం కెమెరాకు బిగించే వెయ్యి అడుగుల రోల్ పదకొండు నిమిషాలకు అయిపోతుంది. అంతకు మించి తీయాలన్నా కుదరదు. అది కూడా ఒక రకం సెన్సారేనని తార్ విసుక్కునేవాడు. ఫిల్మ్ మీద తీసే రోజుల్లో ఎక్కడ ఆపాలో దర్శకుడితోపాటు రోల్ కూడా నిర్ణయించేదని డిజిటల్‌లో పుట్టిన పిల్లలకు చెప్పండి. ఆ పది నిమిషాల డాన్సు ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది.

4కె సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఆ మాట మన దగ్గర వేరే దారి పట్టింది. 2022లో ‘పోకిరి’ స్పెషల్ షోలతో మొదలై, 4కె అంటే హీరో పుట్టినరోజు, కాగితాల జల్లు, తెర ముందు గంతులు అయిపోయింది. అదొక సరదా, కాదనను. అంతకు ముందు 2010లో ‘మాయాబజార్’కి రంగులద్ది విడుదల చేశారు. చాలామంది మెచ్చుకున్నారు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ వెలుగునీడలకి రంగు అవసరమా అని అడిగినవాళ్లూ ఉన్నారు, నేను రెండో వర్గం. మొత్తమ్మీద పాత సినిమాని బాగుచేయడం అంటే కొత్తదానిలా కనిపించేట్టు చేయడమేనని మనకు అలవాటైంది.

‘షాతాన్‌తాంగో’కి జరిగింది అది కాదు. అర్బెలోస్ అనే అమెరికా సంస్థ, బుడాపెస్ట్‌లోని హంగేరియన్ ఫిల్మ్‌ల్యాబ్‌తో కలిసి, కెమెరాలో తిరిగిన అసలు 35 ఎంఎం నెగటివ్‌నే తీసుకుని 4కెలో స్కాన్ చేయించింది. 1994లో సినిమా వచ్చిన పాతికేళ్లకు, 2019లో, బెర్లిన్ చలనచిత్రోత్సవం ఫోరమ్ విభాగంలో ఆ కొత్త ప్రతిని వేశారు. లెక్క వేసుకోండి. నిమిషానికి తొంభై అడుగుల చొప్పున 439 నిమిషాల బొమ్మ అంటే పన్నెండు కిలోమీటర్ల ఫిల్మ్. సెకనుకి ఇరవై నాలుగు చొప్పున ఆరు లక్షల ముప్పై వేలకు పైగా ఫ్రేములు. బొమ్మ అంతా వాన, పొగమంచు, గాలికి లేచే చెత్త. దుమ్ము చుక్క ఏదో వాన చుక్క ఏదో కంప్యూటర్‌కి వదిలేస్తే వానని కూడా తుడిచేస్తుంది. ఫిల్మ్‌కి సహజంగా ఉండే ఆ సన్నటి రేణువుల్ని మురికి అనుకుని నున్నగా చేసేస్తే మనుషుల ముఖాలు మైనం బొమ్మలవుతాయి. ఏది ముట్టుకోకూడదో తెలియడమే ఈ పనిలో సగం.

గాబోర్ మెద్విగి కెమెరా పనితనం ఏమిటో ఈ ప్రతిలోనే తెలుస్తుంది. డీవీడీలో ఒకే బూడిద ముద్దగా కనిపించిన గోడలో తడి పెచ్చులు విడిగా కనిపిస్తాయి. నలుపులో కూడా నాలుగు రకాలుంటాయి. ఇరిమియాష్, పెత్రీనా వీధిలో నడిచిపోతుంటే వెనక నుంచి గాలి తోసుకొచ్చే కాగితాలు, ఆకులు ఒక్కొక్కటీ కంటికి అందుతాయి. ఇంత పని చేసి ఇచ్చిన బొమ్మని కంప్రెస్ చేసిన ఫైల్‌లో వేస్తే ఇక ఆ పని చేయించడం దేనికి? తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ప్రింటు ఒక్కటీ మిగుల్చుకోలేకపోయిన వాళ్లం మనం. నెగటివ్ దాచుకుని, పాతికేళ్ల తర్వాత దాన్ని ఇలా బయటికి తీసినవాళ్ల కష్టానికి విలువ మనకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

సరే, చేయడం ఎలా? పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. పొద్దున పదింటికి మొదలుపెట్టండి. మూడో అధ్యాయం తర్వాత భోజనానికి గంట, ఆరో అధ్యాయం తర్వాత టీకి ఇరవై నిమిషాలు. ఆరో అధ్యాయం ఆ సారాకొట్టు డాన్సుతో ముగుస్తుంది కాబట్టి అక్కడ ఆపితే కథకీ దెబ్బ లేదు, నడుముకీ మేలు. సాయంత్రం ఏడు లోపు అందరూ బయటపడతారు, దూరం నుంచి వచ్చినవాళ్లకి బస్సులు కూడా దొరుకుతాయి. ఇంటర్వెల్స్ ఎప్పుడో ముందే కాగితం మీద రాసి గుమ్మం దగ్గర అంటించండి. ఎప్పుడు లేవచ్చో తెలిస్తే మనిషి స్థిమితంగా కూర్చుంటాడు.

డబ్బు దగ్గర ఆగిపోతున్నారని తెలుసు. హక్కులున్నవాళ్లకి రాసి, అద్దె కట్టి, డీసీపీ (థియేటర్లో వేసే డిజిటల్ కాపీ) తెప్పించడం ఒక్క క్లబ్బు వల్ల కాకపోవచ్చు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ, తిరుపతి కలిసి అడగండి. ఒకే నెలలో నాలుగు ఊళ్లు అంటే బేరం చేయడానికి మాటైనా ఉంటుంది. సత్యజిత్ రాయ్ మొదటి అధ్యక్షుడిగా 1959లో మొదలైన ఫిల్మ్ సొసైటీల ఫెడరేషన్ ఇలాంటి ఉమ్మడి పనుల కోసమే కదా ఉన్నది. సెన్సార్ మినహాయింపు లాంటి కాగితాలు కూడా వాళ్లను అడిగి ముందే చూసుకోండి, చివరి రోజున పరుగులు వద్దు. డీసీపీకి తాళం ఉంటే అది ఇచ్చిన తేదీల్లో, ఇచ్చిన థియేటర్ సర్వర్ మీదే తెరుచుకుంటుంది. కాబట్టి ముందురోజు రాత్రి ఆఖరి ఆట అయ్యాక ఆపరేటర్‌ని బతిమాలి ఒక పది నిమిషాలు వేసి చూడండి. వెడల్పాటి స్కోప్ తెర నిండాలని బొమ్మని సాగదీయనివ్వకండి, పైనా కిందా కోయనివ్వకండి. పక్కల నల్లగా మిగిలితే మిగలనివ్వండి.

చీకటి గురించి ఇంకోసారి. సినిమా చివర డాక్టరు తన కిటికీకి ఒక్కో చెక్కా పెట్టి మేకులు కొడతాడు. వెలుగు పోతూ పోతూ తెర పూర్తిగా నల్లబడుతుంది, గొంతు మాత్రం వినిపిస్తుంది. వెనక ట్యూబులైటు వెలుగుతుంటే ఆ సన్నివేశమే లేదు. బొమ్మ ఆగిపోయిందనుకుని చప్పట్లు కొట్టేవాళ్లు కూడా ఉంటారు. నేను చూసిన హాల్లో కొట్టారు.

పిల్లి సంగతి ముందే చెప్పండి. ఎష్తికె తన కడుపుమంటని పిల్లి మీద తీర్చుకునే దృశ్యం చాలాసేపు ఉంటుంది, చూడటం కష్టం. పిల్లికి ఏ హానీ జరగలేదని, పక్కన పశువైద్యుడు ఉన్నాడని, మత్తు ఇచ్చారని, తర్వాత దాన్ని తనే పెంచుకున్నానని తార్ చెప్పాడు. అయినా ఆ పెనుగులాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మన దగ్గర జంతు సంక్షేమ బోర్డు అనుమతి లేకుండా ఇలాంటిది తీయడానికే వీల్లేదు, అది మంచి నియమమే. కోయమని మాత్రం అనను. ఆ పిల్ల ఎందుకు అలా అయిందో చూపించకుండా తర్వాతిది చూపిస్తే అది ఏడిపించడం కోసం పెట్టిన చావు అవుతుంది. టికెట్ ఇచ్చే దగ్గరే విషయం చెప్పేయండి. బయటికి వెళ్లాలనుకునేవాళ్లు వెళ్తారు.

పోస్టర్ మీద ‘ఏడు గంటల సాహసం’ అని వేయకండి, దయచేసి. పూర్తిగా కూర్చున్నవాళ్లకు సర్టిఫికెట్లు, సెల్ఫీ పాయింటు లాంటివి అసలే వద్దు. ఓపిక పరీక్ష అని చెప్పి పిలిస్తే జనం పంటి బిగువున కూర్చుంటారు, నవ్వరు. ఈ సినిమాలో నవ్వాల్సినవి చాలా ఉన్నాయి. పెత్రీనా ప్రతి మాటా జోకరు మాటే. సారాకొట్టులో ఒకాయన చెప్పిందే చెప్పి, చెప్పిందే చెప్పి ప్రాణం తీస్తాడు, అలాంటివాడు ప్రతి పెళ్లిలో ఒకడుంటాడు. చివరికొస్తుండగా ఇరిమియాష్ ఊరివాళ్ల మీద రాసిచ్చిన బూతుల రిపోర్టుని ఇద్దరు పోలీసు గుమాస్తాలు కూర్చుని మర్యాదైన ఆఫీసు భాషలోకి మారుస్తారు. తిట్టుకి తిట్టు, దానికి సరిపడా గౌరవనీయమైన పదం. ఏ తాలూకా ఆఫీసు మెట్లెక్కినవాళ్లయినా అక్కడ పగలబడి నవ్వాలి.

దర్శకుడి పరిచయం మీరే చేస్తారు కాబట్టి ఒక మాట. ‘నెమ్మది సినిమాల పితామహుడు’ లాంటి బిరుదులతో సరిపెట్టకండి. 1955లో పేచ్ నగరంలో పుట్టాడు. అమ్మానాన్న నాటకాల్లో తెర వెనక పనిచేసినవాళ్లు. పదహారేళ్లకే ఔత్సాహికంగా సినిమాలు తీయడం మొదలుపెట్టాడు. అవి ప్రభుత్వానికి నచ్చలేదు, యూనివర్సిటీలో తత్వశాస్త్రం చదవాలన్న కోరికకి గండి పడింది. ఓడల కర్మాగారంలో కూలిపని చేశాడు. ఇరవై రెండేళ్లప్పుడు బేలా బలాష్ స్టూడియో ఇచ్చిన కాసిని డబ్బులతో మొదటి సినిమా తీశాడు. ఇల్లు దొరకక అత్తామామలతో ఇరుకు గదిలో నలిగిపోయే కుటుంబం కథ. నటించింది నటులు కాదు. చేత్తో పట్టుకున్న కెమెరా, ముఖాల మీదికి వెళ్లిపోయే షాట్లు, అరుపులు. దానిలో నెమ్మది ఎక్కడా లేదు. ఆ కోపమే తర్వాత నిదానించింది. వీలైతే ఆ మొదటి సినిమాని ముందురోజు సాయంత్రం వేయండి, అప్పుడు ‘షాతాన్‌తాంగో’ని కవిత్వం, ధ్యానం అని ఎవరూ పక్కన పెట్టలేరు. అది ఇళ్లూ, పనులూ, కూలిడబ్బులూ పోయినవాళ్ల సినిమా.

పోస్టర్ మీద తార్ పేరు ఒక్కటే వేయకండి. నవల, స్క్రీన్‌ప్లేలో సగం క్రస్నహోర్కయివి. ఎడిటింగ్ ఆగ్నెష్ హ్రనిత్స్కీ. తర్వాతి సినిమాల్లో ఆమె పేరు సహదర్శకురాలిగానే పడింది. సంగీతం ఇచ్చిన మిహాయ్ వీగే ఇరిమియాష్‌గా నటించాడు. ఊరిని ముంచేవాడి గొంతూ, ఊరు ఊగే పాటా ఒకే మనిషివి. డాక్టరుగా వేసిన పీటర్ బెర్లింగ్, ఎష్తికెగా వేసిన ఎరికా బోక్ పేర్లు కూడా చదివి వినిపించండి. ఆ అమ్మాయే పెద్దయ్యాక, 2011లో వచ్చిన ‘ట్యూరిన్ గుర్రం’లో కూతురిగా కనిపిస్తుంది.

ఆ ‘ట్యూరిన్ గుర్రం’కి బెర్లిన్‌లో జ్యూరీ గ్రాండ్ ప్రి వచ్చింది. ఇక సినిమాలు తీయను, చెప్పాల్సింది అయిపోయింది అన్నాడు తార్. తన నిర్మాణ సంస్థను 2012లో మూసేశాడు. అప్పటి హంగేరీ ప్రధాని ఓర్బాన్ ప్రభుత్వాన్ని, జాతీయవాదాన్ని బహిరంగంగానే తిట్టేవాడు. తర్వాత బోస్నియా రాజధాని సారాయెవో వెళ్లి కొన్నేళ్లు కుర్రవాళ్లకి సినిమా నేర్పాడు. 2022 డిసెంబరులో తిరువనంతపురం చలనచిత్రోత్సవం ఆయనకు జీవిత సాఫల్య పురస్కారం ఇచ్చింది. దక్షిణాది దాకా వచ్చిన మనిషిని మనం ఒక రాత్రి రైలు ఎక్కించుకుని ఇటు తీసుకురాలేకపోయాం. ఆ బాధ నాకు ఉంది, మీలో కొందరికైనా ఉండాలి.

ఆఖరిది, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. తెలుగు సబ్‌టైటిల్స్. ప్రపంచ సినిమా చూడాలంటే ఇంగ్లీషు చదవగలగాలి అన్న గేటు మన క్లబ్బుల ముందు ఎప్పటినుంచో ఉంది. ఈ సినిమా చూడాల్సిన మనుషులు, అంటే ఊళ్లో పొలం అమ్ముకుని పట్నం చేరినవాళ్లు, మూతపడిన సహకార మిల్లులో పనిచేసినవాళ్లు, ఆ గేటు బయటే ఉండిపోతున్నారు. ఏడు గంటలంటే అనువాదం కొండంత ఉంటుందని భయపడకండి. సగానికి పైగా నడకలు, వాన, చూపులు. మాటలు ఎక్కువగా కొన్ని చోట్లే గుట్టగా ఉంటాయి: పోలీసు అధికారి హితబోధ, సారాకొట్టు సోది, ఇరిమియాష్ ఉపన్యాసం, గుమాస్తాల రిపోర్టు. హక్కుదారుల అనుమతి అడిగి, డీసీపీని ముట్టుకోకుండా, తెర కింద వేరే చిన్న ప్రొజెక్టర్‌తో తెలుగు వరసలు వేయవచ్చు. చలనచిత్రోత్సవాల్లో ఈ పద్ధతి మామూలే. ఒక మనిషి చివరిదాకా మేలుకుని, మాట వెంట మాట నొక్కుతూ ఉండాలి, అంతే. భాష మాత్రం పాఠ్యపుస్తకంలా వద్దు. ఆ తాగుబోతులు తాగుబోతుల్లాగే మాట్లాడాలి. ఇరిమియాష్ ఒక్కడే అందంగా మాట్లాడాలి, అతని పెట్టుబడి అదే కదా.

ఈ పనికి నేను వస్తాను. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ దగ్గర పెట్టుకుని తెలుగు చేయడం మొదలుపెట్టగలను. ఆరోజు మీట నొక్కడానికి కూర్చోగలను. నాతోపాటు ఒకరిద్దరు కుర్రవాళ్లని ఇవ్వండి, వీలైతే ఒకరు తెలంగాణ పల్లె నుంచి, ఒకరు రాయలసీమ నుంచి. క్లబ్బుల వాళ్లు ముందు మీలో మీరు మాట్లాడుకుని ఒక తేదీ అనుకోండి. వానాకాలమైతే బాగుంటుంది కానీ పట్టు పట్టను. హాలు దొరికిన ఆదివారమే మంచిరోజు. భోజనాల లెక్క కోసం ఎంతమంది వస్తారో వారం ముందు చెబితే చాలు.

ఇట్లు,
మీ సభ్యుల్లో ఒకడు